డ్రాకులా చేతికి చిక్కని రాత

డ్రాకులా నవల తెరిచే ప్రతివాళ్ళకీ కథ ముందే తెలుసు, అసలు ఇబ్బంది అదే. నల్లకోటు, కోరలు, గబ్బిలం, తెల్లారి ఎండ తగలగానే బూడిదైపోవడం, ఇవన్నీ మనకి ఎక్కువగా సినిమాల నుంచి వచ్చినవి. బ్రామ్ స్టోకర్ 1897లో అచ్చువేయించిన పుస్తకంలో డ్రాకులా పట్టపగలు లండన్ పికడిల్లీ వీధిలో నిలబడి ఒక అందమైన అమ్మాయి వైపు కన్నార్పకుండా చూస్తూ కనిపిస్తాడు. పగలు అతని శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండకు చచ్చిపోవడం అనేది 1922 నాటి జర్మన్ మూకీ సినిమా నోస్ఫెరాటు కలిపిన సంగతి. చివర్లో అతన్ని చంపేది కొయ్య మేకు కూడా కాదు, ఒకరి చేతిలో కుక్రీ అనే వంకర కత్తి, ఇంకొకరి చేతిలో అమెరికా వేటకత్తి. ఇంకో విషయం: 27 అధ్యాయాల పుస్తకంలో మొదటి నాలుగు దాటాక డ్రాకులా మనకి నేరుగా ఎదురుపడే సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పేరంతా అతనిది, పుస్తకంలో మాత్రం అతను దాదాపు లేడు.

మరి భయం ఎక్కణ్ణించి వస్తోంది? కోరల నుంచి కాదు. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది, ఎవరు ఎవరికి చెప్పకుండా దాచారు అన్న దాని నుంచి వస్తోంది. ఈ నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కటింగులు, ఒక ఓడ కెప్టెన్ రాసుకున్న లాగ్, ఒక డాక్టరు ఫోనోగ్రాఫులో, అంటే గొంతు రికార్డు చేసే యంత్రంలో, చెప్పుకున్న మాటలు. కథ చెప్పే మనిషంటూ ఒకడు పైన కూర్చుని ఉండడు. క్లాసులో దీన్ని ‘ఉత్తరాల నవల’ అని రెండు మార్కుల జవాబుగా రాసేసి ముందుకు పోతారు, ఆ పైన కోట, చీకటి, తోడేళ్ళు, మూఢనమ్మకం అని గోథిక్, అంటే పాత కోటల భయం కథల, లక్షణాల జాబితా వేస్తారు. ఆ జాబితా తప్పేం కాదు, కానీ కాగితాల సంగతి పక్కనపెడితే ఈ పుస్తకంలో ఒక్క భయమూ సరిగ్గా అర్థం కాదు.

ముందు రచయిత గురించి కొంచెం. స్టోకర్ 1847లో డబ్లిన్‌లో పుట్టాడు. లండన్‌లో లైసియం థియేటర్‌కి, అంటే హెన్రీ ఇర్వింగ్ అనే మహానటుడి దగ్గర, ఏళ్ళ తరబడి మేనేజరుగా పనిచేశాడు. లెక్కలు, టిక్కెట్లు, టూర్లు, రోజూ బోలెడన్ని ఉత్తరాలకు జవాబులు, అతని బతుకంతా కాగితాల మధ్యే గడిచింది. ఈ నవలకి నోట్సు 1890లో మొదలుపెట్టాడు, పుస్తకం అయ్యేసరికి ఏడేళ్ళు. మొదట్లో ప్రభువు పేరు కౌంట్ వాంపిర్, చోటు ఆస్ట్రియాలోని స్టిరియా. ఆ ఏడు వేసవిలో విట్బీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళినప్పుడు, అక్కడి లైబ్రరీలో విలియం విల్కిన్సన్ అనే ఆయన వలేకియా, మోల్డేవియా అనే ఇప్పటి రొమేనియా వైపు ప్రాంతాల గురించి రాసిన పాత పుస్తకంలో ‘డ్రాకులా’ అన్న పేరు తగిలింది. వలేకియా భాషలో దానికి దయ్యం అని అర్థమని కింద ఒక ఫుట్‌నోట్, అది కూడా రాసిపెట్టుకున్నాడు. మనుషుల్ని శూలాలకు గుచ్చి చంపిన వ్లాద్ రాజే ఈ డ్రాకులా అని చాలా గైడ్లలో ఉంటుంది గానీ, ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంలో ఉన్న స్టోకర్ నోట్సులో ఆ శూలాల ఊసే లేదు. పేరు తీసుకున్నాడు, కాస్త చరిత్ర తీసుకున్నాడు, మిగతాది సొంత ఊహ. ట్రాన్సిల్వేనియాకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు, అంతా పుస్తకాలు చదివి కట్టిందే.

విట్బీలోనే ఇంకొకటి దొరికింది. 1885లో దిమిత్రీ అనే రష్యా ఓడ తుఫానులో ఆ తీరానికి కొట్టుకొచ్చింది, నార్వా రేవు నుంచి బయల్దేరిన ఓడ. నవలలో ఓడ పేరు దిమీటర్, రేవు వార్నా. ఇంగ్లీషులో నార్వా అక్షరాలు అటూ ఇటూ చేస్తే వార్నా వస్తుంది. ఎక్కడో చదివిన నిజాన్ని కొంచెం కదిపి కథలో పెట్టేయడం స్టోకర్ అలవాటు, అందుకే పుస్తకంలో అసాధ్యమైన సంగతులు కూడా పేపర్లో చదివిన వార్తలా ఉంటాయి.

గోథిక్ నవలకి కాగితంతో సంబంధం కొత్తది కాదు, పుట్టుకతోనే ఉంది. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన క్యాజిల్ ఆఫ్ ఒట్రాంటోతో ఈ రకం మొదలైందంటారు. ఆయన మొదటి ముద్రణలో తన పేరే పెట్టలేదు. ఇది 1529లో నేపుల్స్‌లో అచ్చయిన పాత ఇటాలియన్ పుస్తకమనీ, ఇంగ్లండ్ ఉత్తరాన ఒక క్యాథలిక్ కుటుంబం లైబ్రరీలో దొరికిందనీ, తాము అనువాదం మాత్రమే చేశామనీ రాశాడు. అంటే మనం చదువుతున్నది ఎక్కడో దొరికిన రాత అన్న ఏర్పాటు గోథిక్‌కి మొదటి రోజు నుంచీ ఉంది. కాకపోతే వాల్పోల్‌కి నమ్మించడానికి పాతదనం కావాల్సి వచ్చింది. స్టోకర్ దాన్ని తిరగేశాడు. అతని కాగితాలు సరికొత్తవి: టైపు మిషన్, టెలిగ్రాఫ్, ఫోనోగ్రాఫ్, షార్ట్‌హ్యాండ్, కొడాక్ కెమెరా. 1897 నాటి పాఠకుడికి ఇవన్నీ తన ఆఫీసులో, తన వీధిలో ఉన్నవే. కొన్ని వందల ఏళ్ళ పాత దయ్యం అలాంటి లోకంలోకి అడుగుపెడుతోంది.

ఇప్పుడు కోటలోకి పోదాం. జొనాథన్ హార్కర్ కుర్ర లాయరు, ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కుంటున్న ఒక ప్రభువుకి కాగితాలు చూపించడానికి వెళ్తాడు. మామూలుగా అయితే ఇలాంటి కోటలో గుట్టంతా నేలమాళిగలో ఉండాలి, ఇక్కడ కూడా ఉంది, కానీ దానికంటే ముందు లైబ్రరీ వస్తుంది. అందులో లండన్ డైరెక్టరీ ఉంది, చట్టం పుస్తకాలున్నాయి, డ్రాకులా బ్రాడ్‌షా రైల్వే టైమ్‌టేబుల్ చదువుతూ సోఫాలో పడుకుని ఉంటాడు. ఇంగ్లీషు వ్యాకరణం, మాటలు బాగానే వచ్చు, యాస పోవాలని తాపత్రయం. లండన్ వీధిలో తాను నోరు విప్పగానే ‘ఎవడో పరాయివాడు’ అని జనం తిరిగి చూడకూడదట. పరాయి దేశంలో కొత్తగా కాలుపెట్టిన ఏ తెలుగువాళ్ళకైనా ఈ పేజీ దగ్గర ఒక్క క్షణం డ్రాకులా మీద జాలి కలుగుతుంది, స్టోకర్ అనుకుని రాశాడో లేదో గానీ అది ఉంది.

ఆ తర్వాత ఉత్తరాల వ్యవహారం. మే 19న డ్రాకులా చాలా మర్యాదగా జొనాథన్ చేత మూడు ఉత్తరాలు రాయిస్తాడు. పని దాదాపు అయిపోయింది, రేపు బయల్దేరుతున్నాను, బయల్దేరి ఫలానా ఊరు చేరాను అని, ఒక్కోదానికి ముందు తేదీలు వేయించి: జూన్ 12, 19, 29. జొనాథన్ అప్పుడు రాసుకుంటాడు, నా ఆయుష్షు ఎంతో ఇప్పుడు తెలిసింది అని. కత్తి లేదు, నెత్తురు లేదు, ఉన్నదల్లా మూడు తేదీలే. నవల మొత్తంలో దీన్ని మించిన భయం పుట్టించే చోటు ఇంకొకటి లేదనే చెప్పాలి, గోడమీద బల్లిలా తలకిందులుగా పాకే దృశ్యంతో కలిపి చెప్పినా సరే.

కొద్ది రోజులకి జొనాథన్ కిటికీలోంచి జిప్సీల చేత దొంగచాటుగా రెండు ఉత్తరాలు పంపబోతాడు. ఒకటి యజమానికి మామూలు ఇంగ్లీషులో, రెండోది కాబోయే భార్య మీనాకి షార్ట్‌హ్యాండ్‌లో. రెండూ డ్రాకులా చేతికే వస్తాయి. మొదటిది తిరిగి అంటించి పంపిస్తానంటాడు. రెండోదాన్ని చూసి మొహం మాడ్చుకుని, ఇది స్నేహానికి ద్రోహం, దీని కింద సంతకం కూడా లేదు అంటూ దీపం మంటలో కాల్చేస్తాడు. కారణం ఒక్కటే, అతనికి చదవడం రాదు. చట్టం తెలుసు, చరిత్ర తెలుసు, రైలు టైములు తెలుసు, ఆ గీతలు మాత్రం తెలియవు. ఆపైన గదిలో ఉన్న కాగితాలన్నీ, రైళ్ళ వివరాలతో సహా, మాయం చేయిస్తాడు. కానీ జొనాథన్ దగ్గరున్న డైరీ, అదీ షార్ట్‌హ్యాండ్‌లోనే, మిగిలిపోతుంది. మనం చదువుతున్న మొదటి నాలుగు అధ్యాయాలూ అవే. మన ఊళ్ళలో ఒకప్పుడు ఉద్యోగం కోసం టైపు, షార్ట్‌హ్యాండ్ లోయర్, హయ్యర్ పరీక్షలు కట్టిన తరం ఒకటుంది, వాళ్ళకి ఈ నవల ఇంకోలా తగులుతుంది. గుమాస్తాల చదువు అని తేలిగ్గా చూసే విద్య ఇక్కడ శిలువతో, వెల్లుల్లితో సమానమైన ఆయుధం.

కోట నుంచి కథ ఒక్కసారిగా ఇంగ్లండ్‌కి, ఇద్దరు స్నేహితురాళ్ళ ఉత్తరాల్లోకి దూకుతుంది. లూసీకి ఒకే రోజు మూడు పెళ్ళి సంబంధాలు, మీనాకి టైపు సాధన, విట్బీలో సముద్రపు గాలి. ఇక్కడి నుంచి పాఠకుడికి ఒక విచిత్రమైన టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే డ్రాకులా ఎవరో మనకి తెలుసు, వీళ్ళెవరికీ తెలియదు. తుఫానులో ఓడ కొట్టుకొస్తుంది, చక్రానికి కట్టేసుకుని చనిపోయిన కెప్టెన్, అతని జేబులో సీసాలో లాగ్ కాగితం, ఒడ్డుకి దూకి పారిపోయిన పెద్ద కుక్క. ఈ వార్తంతా పేపర్లో వస్తే మీనా కత్తిరించి తన డైరీలో అంటించుకుంటుంది. అంటే శత్రువు ఎప్పుడు, ఎలా వచ్చాడన్న సాక్ష్యం ఆమె చేతిరాతల మధ్యే ఉంది, ఆమెకి మాత్రం అదొక ఊరి విశేషం.

జొనాథన్ ఎలాగో తప్పించుకుని బుడాపెస్ట్ ఆసుపత్రిలో జ్వరంతో పడి ఉంటాడు. మీనా వెళ్తుంది, ఆగస్టు 24న అక్కడే పెళ్ళి చేసుకుంటారు. అప్పుడతను ఆ డైరీ ఆమె చేతికిచ్చి, కావాలంటే చదువు, నాకు మాత్రం చెప్పొద్దు అంటాడు. ఆమె దాన్ని తెల్లకాగితంలో చుట్టి, లేత నీలం రిబ్బను కట్టి, లక్క కరిగించి పెళ్ళి ఉంగరంతో ముద్ర వేస్తుంది, మన నమ్మకానికి ఇది గుర్తు, అవసరమైతే తప్ప తెరవను అని. ఎంతో ముచ్చటైన ఘట్టం, ఎంత ఘోరమైన ఘట్టమో తర్వాత తెలుస్తుంది. ఆ కట్ట మూసి ఉన్న నెలరోజుల్లోనే లూసీ రోజురోజుకీ పాలిపోతూ సెప్టెంబరు 20న చనిపోతుంది. మీనా కట్ట విప్పేది సెప్టెంబరు 23న. మూడు రోజుల తేడా. ఈ తేదీలు స్టోకర్ ఎక్కడా పక్కపక్కన పెట్టి చూపించడు, చదివేవాళ్ళే పెన్సిల్ పట్టుకుని కలుపుకోవాలి. కలుపుకున్నాక మాత్రం పుస్తకం మరోలా కనిపిస్తుంది, దంపతుల మధ్య గౌరవంగా పాటించిన మౌనం ఇంకో ఇంట్లో ఒక ప్రాణం తీసింది.

లూసీ జబ్బు అధ్యాయాలన్నీ ఇలాగే నడుస్తాయి. లూసీకి వైద్యం చేయడానికి వచ్చిన డాక్టర్ వాన్ హెల్సింగ్‌కి అనుమానం ఉంది, ఎవరికీ చెప్పడు. గదినిండా వెల్లుల్లి పూలు కట్టిస్తాడు, ఎందుకో ఆమె తల్లికి చెప్పడు. ఆ తల్లికి గుండె జబ్బు, ఆవిడ ఆ సంగతి కూతురికి చెప్పదు. వాసన ఎక్కువైందని పాపం ఆవిడే రాత్రి పూలు తీసేసి కిటికీ తెరుస్తుంది, అదీ ప్రేమతోనే. సెప్టెంబరు 17న వాన్ హెల్సింగ్ ఆంట్వెర్ప్ నుంచి తన పాత శిష్యుడు, పిచ్చాసుపత్రి నడిపే డాక్టర్ సీవర్డ్‌కి టెలిగ్రాం ఇస్తాడు, ఈ రాత్రి తప్పకుండా లూసీ ఇంట్లో ఉండమని. అడ్రసులో సీవర్డ్ ఉండే కార్‌ఫాక్స్ పేరుంది గానీ, జిల్లా పేరు వేయలేదు. టెలిగ్రాం ససెక్స్‌లో ఉన్న ఇంకో కార్‌ఫాక్స్‌కి పోయి 22 గంటలు ఆలస్యంగా చేరింది. ఆ రాత్రే తోడేలు కిటికీ అద్దం పగలగొట్టింది, తల్లి అక్కడికక్కడే పోయింది, లూసీ ఒంటరిగా మిగిలింది. పాత గోథిక్‌లో ఇంటికి తగిలిన శాపం మనుషుల్ని చంపుతుంది, ఇక్కడ అడ్రసు సరిగా లేని ఒక టెలిగ్రాం చాలు.

రక్తం ఎక్కించే ఘట్టాల గురించి ఒక మాట. నలుగురు మగవాళ్ళు వరసగా లూసీకి రక్తమిస్తారు, గ్రూపు చూసే ప్రశ్నే లేదు, ఎందుకంటే లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపుల సంగతి బయటపెట్టింది 1901లో. ఈనాటి పాఠకుడు ఇక్కడ ఉలిక్కిపడతాడు, ఆనాటి పాఠకుడికి అది సరికొత్త విజ్ఞానం.

సెప్టెంబరు 23 తర్వాత నవల దిశ మారిపోతుంది, మార్చేది మీనా. జొనాథన్ డైరీ టైపు చేస్తుంది, వాన్ హెల్సింగ్‌కి ఇస్తుంది. సీవర్డ్ మైనపు సిలిండర్ల మీద మాటల రూపంలో దాచుకున్న డైరీని విని టైపు చేస్తుంది. అందులో ఫలానా రోజు సంగతి వెతకాలంటే ఎలాగో ఆ డాక్టరుకే తెలియదు, ఆ ఆలోచనే అతనికి రాలేదు. పేపరు కటింగులు, ఉత్తరాలు, పెట్టెలు మోసిన కంపెనీ రసీదులు, అన్నీ తేదీల వరసలో పెట్టి ఒక్కోటి మూడు కాపీలు తీస్తుంది. ఆ వరస కుదిరాకే, సీవర్డ్ పిచ్చాసుపత్రి పక్కనున్న పాడుబడ్డ ఇంట్లోకి డ్రాకులా పడుకునే మట్టిపెట్టెలు 50 చేరాయనీ, ఆ ఆసుపత్రిలో రోగి అయిన రెన్‌ఫీల్డ్ వింత ప్రవర్తనకి అతని రాకపోకలే కారణమనీ అందరికీ ఒకేసారి తడుతుంది. ఎవరి దగ్గర ఉన్న ముక్క వాళ్ళకి అర్థం లేనిది, పక్కపక్కన పెడితే శత్రువు మొహం కనిపిస్తుంది. ఇది అపరాధ పరిశోధన నవల పద్ధతి, గోథిక్ మధ్యలో వచ్చి కూర్చుంది.

సరిగ్గా అక్కడే మగవాళ్ళు ఆ నవలలోకెల్లా పెద్ద తప్పు చేస్తారు. సెప్టెంబరు 30న సమావేశమై, ఇక ముందు సంగతులు మీనాకి చెప్పొద్దు, ఆడమనసు తట్టుకోలేదు అని తీర్మానిస్తారు. పొగుడుతూనే పక్కన పెడతారు. ఆమె కూడా బాధపడుతూనే ఒప్పుకుంటుంది. మూడు రోజులు తిరక్కుండానే డ్రాకులా ఆమె మంచం దగ్గర ఉంటాడు. ఆమె పాలిపోవడం భర్త చూస్తూనే ఉన్నాడు, పొగమంచు కలలు వస్తున్నాయని ఆమె రాసుకుంటూనే ఉంది, కానీ ఈ రెండు డైరీలు ఇప్పుడు ఒకరికొకరు చూపించుకోవడం లేదు. లూసీ విషయంలో జరిగిందే మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా జరుగుతుంది. సమాచారం ఎవరికి ఆగిపోతుందో వాళ్ళే బలి అవుతారు, ఇదొక్కటే ఈ పుస్తకంలో ఎప్పుడూ తప్పని నియమం. అద్దంలో నీడ పడదు, పిలవకుండా గడప దాటలేడు లాంటి నియమాలన్నీ దీని తర్వాతే.

డ్రాకులాకి ఈ సంగతి బాగా తెలుసు. ఆ రాత్రే సీవర్డ్ గదిలోకి దూరి రాతప్రతులు, మైనపు సిలిండర్లు అన్నీ నిప్పులో వేస్తాడు. కోటలో షార్ట్‌హ్యాండ్ ఉత్తరం కాల్చిన చెయ్యే ఇది. కానీ మీనా తీసిన కాపీ ఇంకొకటి ఇనప్పెట్టెలో ఉంది. ఈ నవలలో రాక్షసుడు ఓడిపోయేది కార్పేతియన్ కొండల మంచులో కాదు, ఇక్కడే.

దీని మీద చాలామంది చాలా కోణాల్లో రాశారు. స్టీఫెన్ అరాటా 1990లో రాసిన వ్యాసం మన దేశంలో చదివేవాళ్ళకి బాగా దగ్గరగా ఉంటుంది: ఇంగ్లండ్ ఇతర దేశాలకు చేసినదే ఎవరో వచ్చి తమకు చేస్తారేమోనన్న భయం ఇదని ఆయన వాదన. డ్రాకులా ముందు భాష నేర్చుకుంటాడు, చట్టం చదువుతాడు, ఆస్తి కొంటాడు, ఆ తర్వాత నెత్తురు తాగుతాడు, ఈ వరస మనకి కొత్తదేం కాదు. నవల వచ్చిన 1897 విక్టోరియా రాణి వజ్రోత్సవ సంవత్సరం కూడా. డ్రాకులా గొంతు కోసేది గూర్ఖా కుక్రీ కావడం దీనితో కలిపి చూడాల్సిందే. ఇంకో చిన్న లంకె: బేతాళ కథల్ని 1870లో ‘విక్రముడూ వాంపైరూ’ అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో రాసిన రిచర్డ్ బర్టన్‌ని స్టోకర్ స్వయంగా ఎరుగును, మాట్లాడేటప్పుడు ఆయన కోరపన్ను బాకులా మెరిసేదని తర్వాత రాశాడు కూడా. అంతమాత్రాన డ్రాకులాకి మూలం మన బేతాళుడే అనేయడం తొందరపాటు. చందమామ చదివి పెరిగినవాళ్ళకి తెలుసు, బేతాళుడు నెత్తురు తాగడు, కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు.

లోపాలున్నాయి, దాచక్కర్లేదు. వాన్ హెల్సింగ్ వచ్చీరాని ఇంగ్లీషులో పేజీలకు పేజీలు ఉపన్యాసాలు ఇస్తాడు, చివరి మూడో వంతులో ఓడల వేట సాగదీసినట్టు ఉంటుంది. అంతకంటే ఇబ్బంది కలిగించేది, చనిపోయాక రక్తపిశాచిగా మారిన లూసీ సమాధి దగ్గరి దృశ్యం, పెళ్ళి చేసుకోవాల్సినవాడి చేతే ఆమె గుండెలో మేకు కొట్టించి, దాన్ని పవిత్రమైన పనిలా వర్ణించడం. డ్రాకులాకి రెండు కత్తిపోట్లతో రెండు వాక్యాల్లో చావు, లూసీకి అంత సుదీర్ఘమైన హింస. ఇది ఆడవాళ్ళంటే స్టోకర్ కాలానికి ఉన్న భయం అని సర్దుకోవచ్చు గానీ, చదువుతుంటే మాత్రం మనసు ఒప్పుకోదు.

ఏడేళ్ళ తర్వాత జొనాథన్ రాసిన చిన్న నోట్‌తో పుస్తకం ముగుస్తుంది. ఇంత కాగితంలో అసలు పత్రం అనదగ్గది దాదాపు ఏదీ మిగల్లేదు, అంతా టైపు కొట్టిందే, ఎవరినీ నమ్మమని అడగలేం అంటాడు. వాల్పోల్ నమ్మించడానికి పాత పుస్తకం సృష్టిస్తే, స్టోకర్ చివరి పేజీలో ఉన్న సాక్ష్యం కూడా తీసేశాడు. వాన్ హెల్సింగ్ మీనా కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వీడి తల్లి ఎంత ధైర్యవంతురాలో వీడికి పెద్దయ్యాక తెలుస్తుంది అంటాడు, టైపు ప్రస్తావన ఎత్తడు. కానీ అసళ్ళు కాలిపోయాయంటే మనం చదివిందంతా దాదాపు ఆమె టైపు చేసిందే. డ్రాకులా వెంట తూర్పు యూరప్‌కి పోతూ కూడా ప్రయాణపు టైపు మిషన్ వెంట తీసుకెళ్ళి, ఎప్పటి రాతలు అప్పుడే పూర్తి చేసింది. ఆమె టైపు చేసినవాటిలో సీవర్డ్ సెప్టెంబరు 30 నాటి డైరీ కూడా ఉంది. మీనాకి ఇక ఏమీ చెప్పకూడదని మగవాళ్ళు తీర్మానించుకున్న ఆ మాటలు మన దాకా వచ్చింది ఆమె వేళ్ళ మీదుగానే, ఒక్క ముక్క కూడా తీసేయకుండా.